ప్రెస్సుల పనిచేసే ఆడవాళ్ళు పైకి ఎట్ల పోవాలె: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు, వనపర్తి, గద్వాల దిక్కు ప్రింటింగ్ ప్రెస్సులల్ల, డీటీపీ (కంప్యూటర్ల టైప్ చేసి పేజీలు కట్టే) సెంటర్లల్ల, ఫ్లెక్స్ షాపులల్ల పనిచేసే చెల్లెండ్లు, అక్కలు ఫోన్ చేసి మళ్ళ మళ్ళ అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికి విడిగ చెప్పుడు అయితలేదని అన్నీ ఒక్కకాడ రాసి పెడుతున్న. నేను డీటీపీ కుర్చీల మొదలుపెట్టి ఇప్పుడు ఒక ఆఫ్‌సెట్ (ప్లేట్లతోని అచ్చేసే) ప్రెస్సుల ప్రొడక్షన్, రేట్లు చూసుకుంటున్న, అందుకే నా మాటలల్ల ఆ దిక్కు మొగ్గు ఉంటది, ముందే చెప్తున్న.

మా ప్రెస్సుల మగవాళ్ళంతా మెషిన్ మీద, ఆడవాళ్ళమంతా బైండింగ్‌ల. ఏండ్లు గడుస్తున్నయి గని ఎవ్వరం కదుల్తలేం. ఎందుకిట్ల?

రేటు మాట్లాడే టేబుల్‌కు మనం దూరంగ కూసుంటున్నం కాబట్టి. ఏ ప్రెస్సుల చూసినా ముందల కౌంటర్ కాడ సేటో ఆయన తమ్ముడో కస్టమర్‌తోని రేటు మాట్లాడుతరు, మధ్యల మెషిన్ అన్నలు, ఎనుక చాప మీదనో బల్ల కాడనో మడుచుడు, పిన్ను కొట్టుడు, లెక్కపెట్టుడు, అక్కడ మనం. ఒక జాబ్‌ల ఎంత మిగిలిందో ఎనుక కూసున్నోళ్ళకు ఎన్నడు తెల్వదు, తెల్వనోళ్ళకు సూపర్‌వైజర్ పోస్ట్ ఎవ్వరూ ఇయ్యరు. నల్గొండకు అచ్చు పని కొత్తేం కాదు, 1922లనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు ఇక్కడ్నుంచి నీలగిరి పత్రిక తెచ్చిండ్రు, వందేండ్లు దాటింది, అయినా మెషిన్ కాడ ఒక ఆడమనిషి నిలబడితే చాయ్ తెచ్చే పిలగాడు కూడ ఆగి చూస్తడు. కిందికి చదువుకుంట పోతే నేను అన్నిటికీ తిప్పి తిప్పి ఒకటే చెప్తున్న అనిపిస్తది, అవును, రేటు కట్టుడు నేర్చుకోండి అనే చెప్తున్న.

నాకు బైండింగ్ తప్ప ఏం రాదు అక్కా, పదో తరగతి కూడ పాస్ కాలే. నాకేం దారి?

బైండింగ్ తప్ప ఏం రాదు అనకు, బైండింగ్ వచ్చు అను. పుస్తకం పనిల తప్పులన్నీ చివరికి బైండింగ్ కాడనే బయటపడుతయి, ఫారం (ఒక షీటు మడిస్తే వచ్చే పేజీల కట్ట) ఉల్టా పడ్డదా, ఒక ఫారం మిస్ అయిందా, పేజీ నంబర్లు ఎగుడు దిగుడు ఉన్నయా, అన్నీ ముందు నీ చేతికే తగుల్తయి. నువ్వు చేయాల్సింది ఏందంటే అదే తప్పును ప్లేట్ కాకముందే పట్టుడు. ఇది చేసి చూడు: ఒక తెల్ల షీటు తీసుకొని మూడుసార్లు మడువు, మడిచినదాని మీద 1 నుంచి 16 దాక పేజీ నంబర్లు పెన్సిల్‌తోని వెయ్యి, ఇప్పుడు మొత్తం విప్పు. ఒకటో పేజీ పక్కన పదహారు ఉంటది, ఒకటో పేజీ తలకు ఎనిమిదో పేజీ తల ఆనుకొని ఉంటది. అదే డమ్మీ. దాన్ని చేతుల పట్టుకొని డీటీపీ పిల్ల కాడికి పోయి స్క్రీన్ మీద పేజీలు గట్లనే కూసున్నయా లేదా చూడు. ఒక్క జాబ్‌ల ప్లేట్లు ఖరాబ్ కాకుండ ఆపితే చాలు, తర్వాత పుస్తకం పని వచ్చినప్పుడల్ల సేటే నిన్ను పిలుస్తడు.

ఇంకోటి, పుస్తకం వీపు మందం చెప్పుడు నేర్చుకో. పర్ఫెక్ట్ బైండింగ్ (వీపుకు గమ్ము పెట్టి అట్ట అతికించే) పుస్తకానికి కవర్ డిజైన్ చేసేటోళ్ళు వీపు ఎంత పెట్టాల్నో తెల్వక అందాజగ పెడుతరు, తర్వాత పేరు వీపు మీద కాకుండ అట్ట మీదికి జరుగుతది. అదే కాగితంతోని తెల్ల డమ్మీ కట్టి స్కేలు పెట్టి కొలిచి మిల్లీమీటర్లల్ల రాసి ఇస్తే పని అయిపాయె. చదువు లేదని బాధపడకు గని లెక్కలు మాత్రం రావాలె, ఇంట్ల పదో తరగతి చదివే పిల్లలుంటే భాగాహారాలు, శాతాలు వాళ్ళతోని కూసొని చెయ్యి. ఓపెన్ స్కూల్ల పది కట్టొచ్చు, అది కూడ మనసుల పెట్టుకో, సర్టిఫికెట్ అడిగే కాడ పది లేకుంటే అక్కడనే ఆగిపోతం.

డీటీపీ ఆపరేటర్‌ని. టైపింగ్ స్పీడ్ మస్తు ఉంది. అయినా జీతం పెరుగుతలేదు.

స్పీడుకు ఇప్పుడు అంత ధర లేదు చెల్లె, ఫోన్‌ల మాట్లాడితే టైప్ అయ్యే రోజులు. ధర దేనికున్నదంటే ఫైల్ ప్లేటుకు పోయే ముందు అది మెషిన్ మీద సరిగ పడుతదా లేదా చెప్పగలిగే మనిషికి. దాన్నే ప్రీప్రెస్ అంటరు. కస్టమర్ వాట్సాప్‌ల పంపిన ఫోటో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లేకుంటే అచ్చుల మసక వస్తదని ముందే చెప్పాలె, ఆర్‌జీబీల (స్క్రీన్ రంగులల్ల) ఉన్నది సీఎంవైకే (అచ్చు ఇంకుల నాలుగు రంగులు) చేస్తే ఆ మెరిసే ఆకుపచ్చ, నీలం అట్ల రావని కస్టమర్‌కు ముందే చూపెట్టాలె, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోసేటప్పుడు పోయే అదనపు అంచు) లేకుంటే కటింగ్‌ల తెల్ల గీత వస్తదని తెల్వాలె.

మన తెలుగుకు ప్రత్యేకంగ ఒకటుంది. చిన్న అక్షరాలను నాలుగు కలర్లు కలిపిన నలుపుల ఎన్నడు పెట్టొద్దు, ఒట్టి కే నలుపు (నల్ల ఇంకు ఒక్కటే) వంద శాతం పెట్టాలె. ఎందుకంటే రిజిస్టర్ (ఒక కలర్ మీద ఇంకో కలర్ సరిగ కూసునుడు) వెంట్రుకవాసి జరిగినా ఇంగ్లీష్ అక్షరమైతే నడుస్తది గని మన ఒత్తులు, గుడులు రెండు రెండు కనపడి చదవనీకె రాదు. పెళ్లి పత్రిక కింద బంధుమిత్రుల పేర్లు చిన్న సైజుల పెట్టినప్పుడు ఇదే అయితది, ఆ పేర్లల్ల ఉన్న పెద్దమనుషులే మళ్ళ ప్రెస్సుకు ఫోన్ చేస్తరు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి నీ మానిటర్ పక్కన అతికించుకో, ప్రతి ఫైల్‌కు టిక్కు పెట్టు. కొన్ని నెలలకు నీ చేతి నుంచి పోయిన ఫైల్ వెనక్కి రాదనే పేరు వస్తది, జీతం అడిగేటప్పుడు పనికొచ్చేది ఆ పేరే.

అను ఫాంట్స్ చాలదా, యూనికోడ్ ఎందుకు?

ప్రెస్సుల అను (తెలుగు టైపింగ్ ఫాంట్ల సాఫ్ట్‌వేర్) లేకుండ ఇప్పటికీ పని నడువదు, అందం దానిదే, కోరల్‌డ్రాల చక్కగ కూసుంటది. గని అను ఫైల్ ఆ ఫాంట్ లేని సిస్టమ్‌ల తెరిస్తే ఒత్తులు ఒకదిక్కు అక్షరాలు ఒకదిక్కు పోతయి, అందుకే బయటికి పంపేటప్పుడు కర్వ్స్ చేసి (అక్షరాలను గీతల బొమ్మలుగ మార్చి) పంపుతం. వెబ్‌సైట్లు, ఈబుక్కులు, ఆఫీసు లెటర్లు అన్నీ యూనికోడ్, అంటే ఏ సిస్టమ్‌ల తెరిచినా తెలుగు తెలుగుగనే కనపడే పద్ధతి. ఇన్‌డిజైన్‌ల యూనికోడ్ తెలుగు పెట్టినప్పుడు కంపోజర్ సెట్టింగు మార్చకుంటే ఒత్తులు విడిపోతయి, ఆ చిన్న సంగతి తెల్సినోళ్ళు మన జిల్లాలల్ల తక్కువ. రెండూ నేర్చుకో. రెండు కీబోర్డులు అంటే వేళ్ళకు కొన్ని రోజులు కోపమొస్తది, తర్వాత అలవాటయితది.

రేటు కట్టుడు, రేటు కట్టుడు అంటున్నవ్. అది ఎట్ల నేర్చుకోవాలె? మా సేటు చెప్పడు.

ఎవ్వరూ చెప్పరు, మనమే బిల్లులు చూసి రాబట్టుకోవాలె. ఒక జాబ్ తీసుకొని లెక్క చేసి చూపిస్త. 5,000 కరపత్రాలు, 1/8 డెమ్మీ సైజు (డెమ్మీ షీటుల ఎనిమిదో వంతు), సింగిల్ కలర్, ఒకపక్క అచ్చు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మ్యాప్‌లితో కాగితం అనుకో.

ముందు కాగితం. డబుల్ డెమ్మీ షీటు 23 ఇంటూ 36 అంగుళాలు, దాంట్ల 1/8 డెమ్మీవి 16 ముక్కలు వస్తయి. 5,000ని 16తోని భాగిస్తే 312న్నర షీట్లు. సెట్టింగుకు, ఖరాబయ్యేదానికి కలిపి 335 అనుకుందాం. రీము 500 షీట్లు. రీము బరువు ఎట్ల తెలుస్తదంటే పొడవు, వెడల్పు అంగుళాలల్ల, జీఎస్ఎం, మూడిటిని గుణించి 3100తోని భాగించాలె: 23 ఇంటూ 36 ఇంటూ 70 బై 3100, అంటే 18.7 కిలోలు. మన 335 షీట్లు 12న్నర కిలోల దాక అయితయి. ఆ రోజు కాగితం కిలో ధరతోని గుణిస్తే కాగితం ఖర్చు వచ్చేసింది. పేపర్ షాపాయన రీము ధర చెప్పినా కిలో ధర చెప్పినా నీ లెక్క ఆగదు.

తర్వాత మెషిన్. మినీ ఆఫ్‌సెట్ మీద షీటుకు రెండు పెడితే 2,500 ఇంప్రెషన్లు (మెషిన్ కొట్టే అచ్చులు), అదే డెమ్మీ మెషిన్ మీద ఎనిమిది పెడితే 625 మాత్రమే. ఏది చవుక అనేది రెండు మెషిన్ల ప్లేటు ఖర్చు, ఇంప్రెషన్ రేటు పక్కపక్కన పెడితే తప్ప తెల్వదు, చిన్న జాబులకు చిన్న మెషినే మేలైతది చానసార్లు. దానిమీద డీటీపీ, కటింగ్, ప్యాకింగ్, బస్సుల వేస్తే పార్సిల్ ఖర్చు, ఆ పైన షాపు కిరాయి, కరెంటు, జీతాలల్ల ఈ జాబ్ వాటా. గీ చివరిదే అందరూ మర్చిపోయేది, కాగితం, ప్లేటు, ఇంకు లెక్క చేసి మీద కొంచెం వేసుకొని రేటు చెప్తరు, నెలాఖరుకు పనైతే బాగా నడిచింది గని పైసలేవి అని తల గోక్కుంటరు.

నువ్వేం చెయ్యాలంటే సేటు రేటు చెప్పేముందే నీ రేటు ఒక నోటుబుక్కుల రాసుకో, తర్వాత ఆయన చెప్పింది పక్కన రాయి. తేడా ఎందుకొచ్చిందో కాగితం కొన్న బిల్లు చూస్తే తెలుస్తది. కొన్ని నెలల తర్వాత ఆయన ఊర్లె లేనిరోజు కస్టమర్ వస్తే ఎవరు రేటు చెప్తరో చూడు.

మెషిన్ నేర్చుకోవాలని ఉంది. మెషిన్ అన్న "ఇది ఆడోళ్ళ పని కాదమ్మా, బరువులు" అంటున్నడు.

బరువు ఎంతనో పైన లెక్క చేసినం, రీము 18, 19 కిలోలు. నీళ్ళ బిందె నడుముకు పెట్టుకొని నడిచినోళ్ళకు అది బరువెట్లయితది. అయినా రీము మొత్తం ఒక్కసారి లేపాలని ఎక్కడ రాసి లేదు, సగం సగం విప్పి ఫీడర్ల (కాగితం లోపలికి పోయే కాడ) పెట్టొచ్చు, మగవాళ్ళ నడుములకు కూడ అదే మంచిది. అసలు పనితనం అంతా ఇంకు, నీళ్ళు సమానంగ ఉంచుట్ల ఉన్నది, అది కన్ను, చెవి పని. నీళ్ళు ఎక్కువైతే అచ్చు వెలిసినట్టు వస్తది, తక్కువైతే తెల్లగ ఉండాల్సిన కాడ మురికి పడుతది. డబుల్ షీటు పోయేటప్పుడు చప్పుడు మారుతది, ఆ చప్పుడు పట్టినోళ్ళే మంచి మెషిన్‌మ్యాన్.

నేర్చుకునే వరుస నేనైతే ఇట్ల చెప్త: ముందు ఫీడర్, డెలివరీ (షీట్లు బయటికొచ్చే కాడ), తర్వాత ప్లేటు ఎక్కించుడు, బ్లాంకెట్ (ఇంకును కాగితం మీదికి ఎక్కించే రబ్బరు) తుడుసుడు, తర్వాత రిజిస్టర్, చివరికి కలర్. చున్నీ తీసి పక్కన పెట్టు, జడ ముడి వేసి లోపలికి దోపు, గాజులు, దండలు వద్దు. తిరిగే రోలర్ల మీద గుడ్డ పెట్టి తుడిచే అలవాటు చాన ప్రెస్సులల్ల ఉన్నది, అది ఎవ్వరు చెప్పినా చెయ్యకు, మెషిన్ ఆపి ఇంచింగ్ బటన్‌తోని కొంచెం కొంచెం తిప్పుకుంట తుడువు. కటింగ్ మెషిన్‌కు రెండు బటన్లు రెండు చేతులతోని నొక్కాలని ఎందుకు పెట్టిండ్రో అర్థం చేసుకో, ఒక బటన్‌కు టేపు చుట్టి ఒంటి చేత్తో నడిపే కాడ నువ్వు పని చెయ్యకు. వాష్ చేసే కెమికల్స్, ఫ్లెక్స్ ఇంకు వాసన దగ్గర గాలి ఆడాలె, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అడుగు.

ఏం చదివితే ఈ లైన్ల పెద్ద ఉద్యోగం వస్తది?

పదో తరగతి అయిన చెల్లెండ్లుంటే పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించండి. సికింద్రాబాద్‌ల ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మూడేండ్ల డిప్లొమా, పాలిసెట్ కౌన్సెలింగ్‌ల ప్రింటింగ్ టెక్నాలజీ అని ఉంటది. మన దిక్కు అందరూ కంప్యూటర్స్, ఈసీఈ అని ఉరుకుతరు, దీని పేరు కూడ ఎవ్వరికీ యాదికి రాదు. డిప్లొమా చేసినోళ్ళకు ప్యాకేజింగ్ కంపెనీలల్ల క్వాలిటీ, ప్లానింగ్ ఉద్యోగాలుంటయి. ఐటీఐ దిక్కైతే డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ ఉన్నది, అప్రెంటిస్‌షిప్‌ల ఆఫ్‌సెట్ మెషిన్ మైండర్, బుక్ బైండర్ అని ట్రేడ్లున్నయి, నెలనెల స్టైపెండ్ ఇస్తరు, చివరికి జాతీయ సర్టిఫికెట్ వస్తది. ఆ సర్టిఫికెట్ ఎందుకంటే హైదరాబాద్‌ల సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ ఉన్నది, కేంద్ర సంస్థ ఎస్‌పీఎంసీఐఎల్ కింద, అట్లాంటి కాడ టెక్నీషియన్ పోస్టులకు ప్రింటింగ్ ట్రేడ్ సర్టిఫికెట్ అడుగుతరు, పదేండ్ల అనుభవం ఉన్నది సార్ అంటే వినరు. చంచల్‌గూడల రాష్ట్ర ప్రభుత్వ ప్రెస్సు కూడ ఉన్నది, నోటిఫికేషన్ మీద కన్ను పెట్టండి.

ప్రైవేట్ కోర్సులకు వేలకు వేలు కట్టే ముందు ఒక్కటే అడగండి, అక్కడ ప్లేటు చూపిస్తరా, మెషిన్ కాడికి తీస్కపోతరా అని. లేదంటే అది టైపింగ్ క్లాసే.

జీతం పెంచమని ఎట్ల అడగాలె? నాకు సిగ్గు.

సిగ్గు పక్కన పెట్టుడు కష్టమే గని టైము చూసి అడుగుడు కష్టం కాదు. పెళ్ళిళ్ళ సీజన్ నడిమధ్యల అడిగితే సేటు చిరాకుపడుతడు, ఖాళీ నెలల అడిగితే పనేది అంటడు, సీజన్ అయిపోతుండంగ, పైసలు చేతికి వచ్చినంక అడుగు. ఇంట్ల ఖర్చులు పెరిగినయి అని మొదలుపెట్టకు, అది అందరికీ పెరిగినయి. "సార్, ఈ సీజన్‌ల ఇన్ని కార్డుల జాబులు నా చేతుల మీదికెళ్ళి పోయినయి, రీప్రింట్ ఒక్కటి రాలే, ఫలానా స్కూల్ వాళ్ళు డైరీల పని నన్నే అడిగి ఇచ్చిండ్రు" అని మొదలుపెట్టు. ఆ వివరాలు నీ నోటుబుక్కుల తారీఖులతో ఉండాలె. ఎంత కావాలో నువ్వే అంకె చెప్పు, ఆయన మీద వదిలేస్తే ఐదొందలు పెంచి ఉపకారం చేసినట్టు చూస్తడు.

జీతం పెంచనన్నా మూడు అడుగు: జీతం బ్యాంకుల వెయ్యాలె, అనుభవం లెటర్‌ల పని పేరు సరిగ రాయాలె, హెల్పర్ అని కాదు ప్రీప్రెస్ ఆపరేటర్ అనో ప్రొడక్షన్ అసిస్టెంట్ అనో, మూడోది రేట్ల కాడ కూసోనియ్యాలె. రేపు లోన్‌కు పోయినా వేరే ప్రెస్సుకు పోయినా ఇవే అక్కరకు వస్తయి. ఒకే రకం పనికి ఆడవాళ్ళకు తక్కువ ఇయ్యొద్దని 1976లనే చట్టం వచ్చింది, అది 2019 వేతనాల కోడ్‌ల కలిసింది. ఈ ముచ్చట సేటుకు మొదటిరోజే చెప్పాల్సిన పని లేదు, గని నీకు తెల్సి ఉండాలె.

అచ్చు తప్పు పడితే నా జీతంల కోస్తున్నరు. కరెక్టేనా?

ఎవరి తప్పు అనేది ముందు తేలాలె. కారణం చెప్పుకునే అవకాశం ఇయ్యకుండ నష్టం పేరు మీద జీతం కోయొద్దని చట్టమే చెప్తది. దానికంటే ముందు నువ్వు చేసుకోవాల్సిన బందోబస్తు ఏందంటే, ప్రూఫ్ మీద కస్టమర్ సంతకం లేకుండ ప్లేటుకు పంపకు. ఊరికి దూరం ఉంటే వాట్సాప్‌ల "అన్నీ చూసుకున్న, అచ్చెయ్యండి" అని రాయించుకో, ఫోన్‌ల ఓకే అంటే ఓకే కాదు. పెళ్లి పత్రికైతే తేదీకి వారం కలిసిందా, తిథి కలిసిందా క్యాలెండర్ ముందల పెట్టుకొని చూడు, ఫంక్షన్ హాల్ పేరు, ఫోన్ నంబర్ గట్టిగ చదివి వినిపించు. పాత పత్రిక ఫైల్ మీదనే కొత్తది చేసేటప్పుడు పాత పెండ్లికొడుకు తండ్రి పేరు మిగిలిపోతది చూడు, అదే అన్నిటికంటే పెద్ద గండం.

కడుపుతో ఉన్నా. పని పోతదేమో అని భయం.

పదిమంది లేదా ఎక్కువ పనిచేసే ప్రెస్సయితే ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్టాలె, నెల జీతం 21,000 లోపు ఉన్నోళ్ళకు వర్తిస్తది, నీ జీతంలకెళ్ళి 0.75 శాతం, ఓనర్ 3.25 శాతం. ఈఎస్ఐ కంట్రిబ్యూషన్ సరిపడ రోజులు ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతం పైసలు ఈఎస్ఐ నుంచే వస్తయి, ఓనర్ జేబుల నుంచి పోవు. ఈ చివరి మాట సేటుకు వివరంగ చెప్పండి, చానమందికి అది తెల్వకనే ఆడపిల్లల్ని పెట్టుకోనీకె జంకుతరు. చిన్న షాపులల్ల ముగ్గురు నలుగురు ఉండే కాడ ఈ రక్షణ ఉండది, అది చేదు నిజం, అక్కడ ముందే మాట్లాడుకొని డిజైన్ పని ఇంటి నుంచి చేసే ఏర్పాటు చేసుకోవాలె. కడుపుతో ఉన్నప్పుడు వాష్ కెమికల్స్, సాల్వెంట్ ఫ్లెక్స్ మెషిన్ గది దిక్కు పోవద్దు, ఈ విషయంల మొహమాటం అస్సలు వద్దు.

సీజన్‌ల రాత్రి దాక పని, పైగా ఒకాయన మాటలు తేడాగ ఉంటయి. ఎవరికి చెప్పాలె?

రెండూ వేరు వేరు సంగతులు. రాత్రి పనికి నీ ఒప్పుకోలు ఉండాలె, ఇంటికి చేర్చే బండి ఉండాలె, ఓవర్‌టైం పైసలు ఉండాలె. ఆఖరి బస్సు టైం రాసి గోడకు అతికియ్యండి, మా కాడ అట్లనే చేసినం.

రెండోదానికి, పని కాడ లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉన్నది. పదిమంది లేదా ఎక్కువ ఉన్న కాడ లోపలి కమిటీ ఉండాలె, పదిమంది లోపు ఉన్నా లేకుంటే ఓనరే అట్ల చేస్తున్నా జిల్లాల స్థానిక కమిటీ ఉంటది, అక్కడ రాసియ్యాలె. జరిగిన మూడు నెలల్లోపు ఇయ్యాలె. తారీఖు, టైం, ఏమన్నడు, పక్కన ఎవరున్నరు, ఆ రోజే రాసి పెట్టుకో, మెసేజులు తీసెయ్యకు. వెంటనే సాయం కావాలంటే 181 (మహిళల హెల్ప్‌లైన్), లేదా పోలీసుల షీ టీమ్స్. ఊరు చిన్నది, అందరూ ఎరుకైనోళ్ళే, పేరు బయటపడుతదని భయం ఉంటది, అందుకే ముందు ప్రెస్సుల ఇంకో ఆడమనిషికి చెప్పు, ఇద్దరు కలిసి పోతే మాట బలంగుంటది.

సొంతంగ పెట్టుకోవాలని ఉంది. ఫ్లెక్స్ మెషిన్ కొందునా?

వద్దు. మొదటి కొనుగోలు ఫ్లెక్స్ మెషిన్ ఎన్నడు కావొద్దు అనేది నా గట్టి అభిప్రాయం. మండలానికో రెండు ఫ్లెక్స్ షాపులున్నయి, చదరపు అడుగు రేటు పోటీ పడి నేలకు దించిండ్రు, పైగా పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సులన్నీ ఉద్దెర, లీడర్ గెలిచినా ఓడినా ఆ పైసలు రావు. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు నిషేధం, అది కూడ చూసుకోవాలె.

మెషిన్ లేకుండనే మొదలుపెట్టు. ఒక కంప్యూటర్, ఒక చిన్న ప్రింటర్, నీ డిజైన్ చెయ్యి, అచ్చు బయట చేయించు. పెళ్లి కార్డులకు హైదరాబాద్ ఛత్తాబజార్ ఉన్నది, డిజిటల్ 12 ఇంటూ 18 ప్రింట్లు ఏ పట్నంల అయినా దొరుకుతయి. కొంచెం నిలబడ్డంక స్క్రీన్ ప్రింటింగ్ పెట్టుకో, ఫ్రేమ్, స్క్వీజీ (ఇంకు గుంజే రబ్బరు పట్టీ), ఎండ తగలని ఒక గది ఉంటే సరిపోతది, క్యారీ బ్యాగులు, కార్డుల కవర్లు నడుస్తయి. అందరూ పత్రికలు, ఫ్లెక్సుల మీదనే పడుతరు గని మన దిక్కు అసలు పని లేబుల్స్, డబ్బాలల్ల ఉన్నది. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలకు డబ్బాలు, ట్యాగులు కావాలె, మిర్యాలగూడ రైస్ మిల్లులకు సంచుల డిజైన్లు కావాలె, సంఘాల అక్కలు చేసే పచ్చళ్ళు, మిల్లెట్ బిస్కెట్లకు స్టిక్కర్లు కావాలె. తిండి సామాన్ల లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సామాన్ల లైసెన్సు) నంబర్, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, శాకాహారం ఆకుపచ్చ గుర్తు ఎక్కడ ఎట్ల పెట్టాల్నో తెల్సిన డిజైనర్‌ను వాళ్ళు వదులుకోరు.

పైసల సంగతి: ముద్ర లోన్‌ల శిశు 50,000 దాక, కిశోర్ 5 లక్షల దాక, తరుణ్ 10 లక్షల దాక, తాకట్టు అడుగొద్దు. పీఎంఈజీపీ (కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం) కింద ఆడవాళ్ళకు సొంత వాటా 5 శాతమే, సబ్సిడీ ఊర్లల్ల 35 శాతం, పట్టణంల 25 శాతం. అంటే పల్లెల 10 లక్షల యూనిట్ పెడితే నీ చేతి పైసలు 50,000, సబ్సిడీ మూడున్నర లక్షలు, గని ఆ సబ్సిడీ మూడేండ్లు బ్యాంకులనే డిపాజిట్‌గ ఉంటది, చేతికి రాదు, వస్తదనుకొని మెషిన్‌కు మాట ఇచ్చి ఇరుక్కోవద్దు. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోయి అప్పటి రూల్స్ అడగండి. సంఘంల ఉంటే స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పులిచ్చే సంస్థ), బ్యాంకు లింకేజీ చూడండి. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఎవరైనా వెయ్యి, రెండువేలు అడిగితే ఇయ్యకండి. ఇంటాయన పేరు మీద కాకుండ నీ పేరు మీద, నీ ఖాతాల పెట్టుకో, ఆడవాళ్ళ కోటా ఏది రావాలన్నా కాగితం మీద నువ్వే ఓనర్ ఉండాలె.

ఫోన్‌లనే అందరూ డిజైన్లు చేసుకుంటున్నరు, ఇంక మన పని ఉంటదా?

ఫోన్‌ల చేసుకున్న ఆ డిజైనే అచ్చుకు మన కాడికి తెస్తరు, బ్లీడ్ లేకుండ, ఫోటో మసకగ, తెలుగు ఒత్తులు విరిగి. సరిచేసినందుకు ఛార్జి తీసుకో, ఊకెనే చెయ్యకు.

హైదరాబాద్ పోవాల్నా, ఇక్కడనే ఉండాల్నా?

పెండ్లి కానోళ్ళు, హాస్టల్ల ఉండగలిగేటోళ్ళు ఒక రెండేండ్లు పోయి రండి, నాలుగు కలర్ల మెషిన్, సీటీపీ (కంప్యూటర్ నుంచి నేరుగ ప్లేటు చేసే మెషిన్), డబ్బాల డై కటింగ్ అక్కడ రోజూ చూస్తరు, ఇక్కడ చూడనీకె దొరకదు. కిరాయి, తిండి పోను మిగిలేది చూస్తే నల్గొండల తక్కువ జీతమే నయం అనిపిస్తది, కాబట్టి జీతం కోసం పోకు, పని కోసం పో. పోలేనోళ్ళు మీ ప్రెస్సు నుంచి ప్లేట్లకు, కాగితానికి పట్నం పోయే మనిషితోని ఒకసారి మీరూ పోండి, సేటునే అడగండి. కాగితం వ్యాపారిని ముఖాముఖి ఎరుక చేసుకున్న మనిషికి ధర వేరే ఉంటది.

ఎన్నికల పోస్టర్లు వస్తే పైసలు మస్తు గని సేటు లేనప్పుడు నన్నే తీసుకోమంటున్నడు. ఏమన్నా ఇబ్బందా?

పైసలు మస్తే, జైలు కూడ ఉన్నది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951ల 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టర్ మీద అచ్చేసినోళ్ళ పేరు అడ్రస్, ప్రచురించినోళ్ళ పేరు అడ్రస్ ఉండాలె. అచ్చేయించేటాయన తను ఎవరో డిక్లరేషన్ రెండు కాపీలు ఇయ్యాలె, ఆయనను ఎరిగిన ఇద్దరు సంతకం పెట్టాలె, అచ్చు అయినంక ఆ డిక్లరేషన్ ఒక కాపీ, పోస్టర్ ఒక కాపీ జిల్లా మేజిస్ట్రేట్‌కు పంపాలె. తప్పితే ఆరు నెలల దాక జైలు, 2,000 దాక జరిమానా, లేదా రెండూ. "పేరెయ్యకమ్మా, ఎదుటోళ్ళను తిట్టేది ఉన్నది" అని వచ్చే ఆర్డర్ ఎంత రేటిచ్చినా తీసుకోవద్దు, రేపు ఆర్డర్ బుక్కుల చేతిరాత నీదే ఉంటది. సర్పంచ్ ఎన్నికలప్పుడు కూడ ఇదే పద్ధతి పాటించండి, ఫారాలు ముందే జిరాక్స్ తీసి కౌంటర్ కాడ పెట్టుకోండి, డిక్లరేషన్ రెండో కాపీ, అడ్వాన్స్ రసీదు, పోస్టర్ ఒకటి కలిపి జాబ్ నంబర్‌తో ఫైల్ చెయ్యండి. అడ్వాన్స్ సగం కాదు, ఈ ఒక్క రకం పనికి మొత్తం ముందే తీసుకోండి.